ఇంగ్లిష్ వీల్ లేకుండా ఫెండర్లు కొట్టడం అయ్యే పనేనా?

రేకుబండి (కొత్త సభ్యుడు)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ట్యూబ్ ఛాసిస్ మీద రెండు సీట్ల ఓపెన్ కారు ఒకటి కట్టుకుంటున్నాను. ఛాసిస్, సస్పెన్షన్, ఇంజిన్ మౌంట్లు అయిపోయాయి. ఇక బాడీ మొదలుపెట్టాలి. తలుపులు, వెనక ప్యానెల్ దాదాపుగా ఒకే దిక్కుకి వంగినవి, పైపు మీద పెట్టి వంచుకుంటే వచ్చేస్తాయి. టెన్షన్ అంతా ముందు ఫెండర్ల గురించే. చక్రం మీద గుండ్రంగా లేచి, హెడ్‌లైట్ దగ్గర కిందికి వాలి, బానెట్ వైపు లోపలికి తిరిగే ఆకారం అది.

నా దగ్గర యాంగిల్ గ్రైండర్, చిన్న మిగ్ వెల్డింగ్ సెట్టు, వైస్, రేకు కత్తెరలు, రెండు మూడు రకాల సుత్తులు ఉన్నాయి. ఇంగ్లిష్ వీల్ (రెండు చక్రాల మధ్య రేకుని నలిపి వంపు తెచ్చే యంత్రం), ష్రింకర్-స్ట్రెచర్ (అంచుని కుదించే, సాగదీసే యంత్రం), పవర్ హామర్ ఏవీ లేవు, కొనే ఆలోచన కూడా లేదు. రేకు 1 మి.మీ. కోల్డ్ రోల్డ్ షీటు తెచ్చి పెట్టాను. వీటితో ఫెండర్ అవుతుందా, లేక నేను పగటి కలలు కంటున్నానా?

ఫైబర్_రెజిన్

ఫోమ్ చెక్కి, దాని మీద ఫైబర్‌గ్లాస్ వేసేయ్ బ్రదర్. సుత్తి దెబ్బలకి ఇరుగుపొరుగుతో గొడవలు కూడా ఉండవు. 😀

రేకుబండి

ఫైబర్ సంగతి తెలుసు బ్రో. నాకు రేకుతోనే చేయాలని ఉంది.

పాతసుత్తి (సీనియర్ సభ్యుడు)

అవుతుంది. వీల్ ఉన్నా నీకు సగం పనే జరిగేది. ఇంగ్లిష్ వీల్ రేకుని సాగదీస్తుంది, నునుపు చేస్తుంది. కుదించడం దాని వల్ల కాదు. ఫెండర్ అంచుల్లో నీకు కావాల్సింది ఎక్కువగా కుదించడమే.

పనిముట్ల గొడవ కాసేపు పక్కన పెట్టు. రేకుతో చేసేవి మూడే పనులు: వంచడం, సాగదీయడం, కుదించడం. తలుపు లాంటి ఒంటి వంపుకి వంచడం చాలు, రేకు వైశాల్యం ఏమీ మారదు. రెండు దిక్కులా వంగిన ఆకారం వచ్చిందంటే మాత్రం ఎక్కడో ఒకచోట వైశాల్యం పెరగాలి, లేదా ఇంకోచోట తగ్గాలి. ఎక్కడ పెరగాలో, ఎక్కడ తగ్గాలో తెలియకుండా సుత్తి ఎత్తితే రోజంతా కొట్టినా రేకు ఎటో పోతుంది.

అది తెలుసుకోవడానికి కాగితం చాలు. ఫెండర్ ఆకారానికి ఒక ఫ్రేమ్ చేసుకుంటావు కదా, దాని మీద మందపాటి కాగితం పరిచి చేత్తో అదుము. అంచుల్లో ఎక్కడ ముడతలు పడతాయో అక్కడ రేకు కుదించాలి. ఎక్కడ కాగితం బిగుసుకుపోయి కూర్చోనంటుందో అక్కడ చీలిక పెట్టు. చీలిక ఎంత తెరుచుకుంటే అంత మేర రేకు సాగాలి. ఆ గుర్తులన్నీ పెన్నుతో కాగితం మీదే రాసుకో. నీ పని మ్యాప్ అదే. ఆ కాగితాన్నే మళ్లీ చదునుగా పరిస్తే ఎంత రేకు కోయాలో కూడా తెలుస్తుంది. చుట్టూ ఓ 25 మి.మీ. ఎక్కువ ఉంచి కోయి.

ఇంకో మాట. ఫెండర్ మొత్తం ఒకే ముక్కలో తీయాలని పట్టు పట్టకు. పై గుండ్రని భాగం ఒకటి, హెడ్‌లైట్ ముక్కు ఒకటి, బానెట్ వైపు లోపలికి తిరిగేది ఒకటి. మూడు ముక్కలు చేసి అతికించు. అతుకులు వంపు తక్కువగా ఉన్నచోట పడేలా చూసుకో. బాగా వంపు ఉన్నచోట అతుకు పెడితే రెండు అంచులూ కలవక చచ్చిపోతావు.

కొలతబద్ద

పాతసుత్తి గారు చెప్పిన దానికి ఒక చిన్న లెక్క.

అంచు దగ్గర 200 మి.మీ. వ్యాసార్థం ఉన్న గుండ్రటి రేకుని మధ్యలో 40 మి.మీ. ఎత్తు లేచేలా చేశారనుకోండి. గోళఖండం సూత్రం ప్రకారం వైశాల్యం పెరిగే నిష్పత్తి ఒకటికి ఎత్తు భాగించు వ్యాసార్థం వర్గం కలిపితే వస్తుంది. అంటే 1 + (40/200)² = 1.04. నాలుగు శాతమే. పూర్తిగా సాగదీతతోనే చేసినా 1 మి.మీ. రేకు సగటున 0.96కి వస్తుంది. ఏ ఇబ్బందీ లేదు.

అదే ఎత్తు 100 మి.మీ. కావాలంటే 1 + (100/200)² = 1.25. ఇరవై అయిదు శాతం. సగటు మందం 0.8కి పడిపోతుంది. సాగదీత ఎప్పుడూ అంతటా సమానంగా ఉండదు కాబట్టి నడిమధ్యన ఇంకా పలచబడుతుంది. అందుకే లోతు తక్కువైతే మధ్యలో కొట్టి సాగదీయడం, లోతు ఎక్కువైతే అంచులు కుదించడం. కుదిస్తే అక్కడ రేకు కాస్త మందమవుతుంది, నష్టమేమీ లేదు.

రేకుబండి

ఈ లెక్క ఎక్కడా చూడలేదు కొలతబద్ద గారూ, చాలా థాంక్స్. నా ఫెండర్ పైభాగం రెండోదానికే దగ్గరగా ఉంది. మరి అంచులు కుదించే మెషిన్ లేదు కదా?

ఆకురాయి

మెషిన్ అక్కర్లేదు తమ్ముడూ. నా షెడ్డులో ఉన్నవన్నీ తుక్కు నుంచి పుట్టినవే.

ముందుగా చెక్క మొద్దు. మోకాళ్ల ఎత్తు మొద్దు ఒకటి దొరికితే దాని పైన గిన్నెలా గుంట చెక్కు, ఓ 150 మి.మీ. వెడల్పు, 40 లోతు. గుంట అంచులు నున్నగా ఉండాలి. రేకు అంచుని ఆ గుంట మీద పెట్టి చెక్క సుత్తితో కొడితే లోపలికి దిగుతూ అంచులో ముడతలు లేస్తాయి. ఆ ముడతల్ని అక్కడే గుంట గోడకేసి కొట్టి అణిచేస్తే రేకు తనలోకి తానే కూరుకుని కుదుస్తుంది. అదే మొద్దు మీద సాగదీత, కుదింపు రెండూ జరిగిపోతాయి.

తర్వాత ఇసుక సంచి. గట్టి తోలైతే మంచిది, లేదంటే మందపాటి కాన్వాస్ రెండు పొరలు వేసి కుట్టు. జల్లించి బాగా ఎండబెట్టిన సన్న ఇసుక పొయ్యి. ఉప్పు నీటి ఇసుకైతే కడగకుండా వాడకు, రేకుకి తుప్పు పట్టిస్తుంది. సంచి నిండుగా కుక్కితే రాయిలా తయారవుతుంది. మూడింట రెండు వంతులు నింపితే చాలు, దెబ్బకి గుంట పడి ఆకారం నిలవాలి. కొందరు సీసం గుళ్లు పోస్తారు. నేనైతే వద్దంటాను, ఆ దుమ్ము ఒంటికి మంచిది కాదు.

డాలీలకి (సుత్తి దెబ్బ పడేటప్పుడు రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మెలు) పాత ట్రైలర్ హిచ్ బంతి, రైలు పట్టా ముక్క, మందపాటి పైపు ముక్కలు, బేరింగ్ బయటి రింగు... ఏదైనా సరే, ఉపరితలం నున్నగా ఉంటే చాలు. స్లాపర్‌కి (సుత్తికి బదులు వాడే వెడల్పాటి పట్టీ) లీఫ్ స్ప్రింగు ముక్క తీసుకో. 50 మి.మీ. వెడల్పు, జానెడున్నర పొడవు. పిడి వైపు కాస్త వంచి, ముఖానికి లేశమంత వంపు పెట్టి, అంచులన్నీ గుండ్రం చెయ్యి. స్లాపర్ దెబ్బ వెడల్పుగా పడుతుంది, సుత్తిలా గుర్తు వదలదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఖర్చులేనిది ఒకటుంది. సుత్తి ముఖాలు, డాలీలు పాలిష్ చెయ్యి. 400 నంబరు కాగితం, తర్వాత 800, తర్వాత బఫ్. సుత్తి ముఖం మీద ఒక్క గాటు ఉందంటే అది ప్రతి దెబ్బకీ రేకు మీద అచ్చవుతుంది. మేకులు కొట్టిన సుత్తిని రేకు దగ్గరికి రానివ్వకు.

సున్నా_గేజ్

రేకు ఏ గ్రేడో చూసుకున్నారా? కోల్డ్ రోల్డ్ అంటే అన్నీ ఒకటి కాదు. యూరప్ ప్రమాణం ఈఎన్ 10130లో డీసీ01 మామూలు వంపులకి, డీసీ04 లోతుగా లాగే పనికి. రెండోది చేతికి ఎంతో మెత్తగా తగులుతుంది. ఈ కాలపు కార్ల తుక్కు ప్యానెళ్లు కోసి వాడదామనుకుంటే జాగ్రత్త. వాటిలో కొన్ని హై స్ట్రెంత్ స్టీలు, కొడితే సుత్తి ఎగిరి వెనక్కి వస్తుంది తప్ప రేకు కదలదు.

జింక్ పూత రేకు అసలే వద్దు. సెగ తగిలిందంటే పొగ.

రేకుబండి

కొన్నది డీప్ డ్రాయింగ్ గ్రేడేనని చెప్పాడు. ఫ్రేమ్ సంగతి చెప్పండి. బక్ (రేకు పెట్టి ఆకారం సరిచూసుకునే నమూనా ఫ్రేమ్) ప్లైవుడ్‌తో చేయాలా, రాడ్లతో చేయాలా?

సున్నా_గేజ్

6 మి.మీ. రాడ్లతో వైర్ బక్ చెయ్యి. పక్క నుంచి, పై నుంచి, ముందు నుంచి కనిపించే గీతల్ని రాడ్లుగా వంచి అతికించడమే. అయిదడుగులు వెనక్కి వెళ్లి చూసి, నచ్చకపోతే ఒక్క రాడ్డు విప్పి మళ్లీ వంచుకోవచ్చు. రేకు పెట్టినప్పుడు లోపల్నుంచి చెయ్యి పెట్టి ఎక్కడ ఎత్తుందో తడిమి చూసుకోవచ్చు. ప్లైవుడ్ అడ్డకోతల బక్ కొలతకి కచ్చితం, కానీ గీత మార్చాలంటే మొత్తం మళ్లీ కోయాలి.

అల్యూమినియం_పిచ్చి

ఇటలీ వాళ్ల సూపర్‌లెగ్గెరా అంటే ఇదే కదా? కారోజ్జేరియా టూరింగ్ వాళ్లు 1936లో పేటెంట్ చేసింది. సన్న ట్యూబుల చట్రం, దాని మీద అల్యూమినియం తొడుగు. 1958 ఆస్టన్ మార్టిన్ డీబీ4 కూడా ఆ పద్ధతే.

సున్నా_గేజ్

దగ్గరి చుట్టమే గానీ అది వేరు. సూపర్‌లెగ్గెరాలో ఆ ట్యూబులు కారులోనే ఉండిపోతాయి, తొడుగుకి ఆసరా అవే. వైర్ బక్ కేవలం కొలత చూసుకోవడానికి, పని అయ్యాక పక్కన పెట్టేస్తాం. దాని మీద పెట్టి రేకుని కొట్టకూడదు కూడా. కొడితే రాడ్లు వంగి, తప్పు కొలతకి కరెక్టుగా సరిపోయే ఫెండర్ వస్తుంది.

రేకుబండి

వైర్ బక్ అయింది. కాగితం పరిచి చూస్తే పాతసుత్తి గారు చెప్పినట్టే చక్రం వైపు అంచంతా ముడతలు, బానెట్ వైపు మలుపులో మాత్రం కాగితం చీల్చాల్సి వచ్చింది. అంటే పైభాగానికి అంచు కుదింపు, ఆ మలుపుకి అంచు సాగదీత. కరెక్టేనా?

పైభాగం మొద్దు మీద మొదలుపెట్టాను. ఆకారం వస్తోంది. కానీ అంచులో ముడతలు అణిచేస్తుంటే కొన్ని విప్పుకుపోయి రేకు మళ్లీ చదునైపోతోంది. ఒకటి రెండు చోట్ల ముడత పక్కకి పడుకుని మడతైంది.

పాతసుత్తి

కరెక్టే. గుమ్మటంలా రెండు వైపులా ఒకే దిక్కుకి వంగిన దాంట్లో అంచులు పొట్టి, మధ్య పొడుగు. జీనులా ఒకవైపు పైకి, ఇంకోవైపు కిందికి వంగిన మలుపులో సరిగ్గా తిరగబడుతుంది, అంచులు పొడుగు, మధ్య పొట్టి. ఈ ఒక్కటి బుర్రకెక్కితే ఏ ప్యానెల్ చూసినా ఎలా పుట్టిందో తెలిసిపోతుంది.

ఇక ముడతలు. మరీ పెద్దవి చేస్తున్నావు. ముడత ఎత్తు ఎక్కువై వెడల్పు తక్కువైతే పక్కకి ఒరుగుతుంది. చిన్నవి, దగ్గర దగ్గరగా చెయ్యి. 10 మి.మీ. రాడ్లు రెండు తీసుకుని, మధ్యలో రేకు దూరేంత సందు వదిలి ఒక పిడికి అతికించు, ఫోర్కులా ఉంటుంది. అంచుని ఆ సందులో దూర్చి అటూ ఇటూ మెలితిప్పితే చక్కటి ముడత వస్తుంది, నీకు కావాల్సిన చోట, కావాల్సినంత. తర్వాత కింద గట్టి ఆధారం పెట్టి ముడతని అణచాలి. రెండు పక్కలకీ పాకే సందివ్వకుండా గబగబా కొట్టాలి. మెల్లగా తట్టుతూ కూర్చుంటే అది హాయిగా విప్పుకుని మొదటికొస్తుంది. లొంగకపోతే ముడత మీద మాత్రం మంట పెట్టి ఎర్రబడ్డాక కొట్టు, వెన్నలా దిగుతుంది.

నిజంగా కుదిసిందో లేదో కంటితో తెలియదు. ముడత వేయకముందు అంచున 100 మి.మీ. దూరంలో రెండు గీతలు గీకు. అణిచాక మళ్లీ కొలువు. దూరం తగ్గితే కుదిసింది. 100 అలాగే ఉంటే నీ చేతులకి వ్యాయామం తప్ప రేకుకేమీ కాలేదు.

పక్కకి పడుకున్న మడతని బలవంతంగా కొట్టకు, పగులుతుంది. ముందు మెల్లగా విప్పు, తర్వాత చిన్న ముడతలుగా పంచు.

రేకుబండి

గీతల చిట్కా అదిరింది సార్. కొలిస్తే కొన్నిచోట్ల 97, కొన్నిచోట్ల ఇంకా 100 దగ్గరే ఉంది. ఎక్కడ పని మిగిలిందో స్కేలే చెప్తోంది.

ఆకురాయి

ఇప్పుడు రేకంతా గుంటలు గుంటలుగా ఉండి ఉంటుంది. కంగారు పడకు, ప్రతి ప్యానెల్‌కీ ఆ దశ వస్తుంది. ఆకారం వచ్చేదాకా నునుపు గురించి ఆలోచించకు. ఆకారం రాకముందే నునుపు చేస్తే రెండోసారి చేయాల్సి వస్తుంది.

ఆకారం కుదిరాక స్లాపర్, డాలీ పట్టు. డాలీ వంపు ప్యానెల్ వంపు కన్నా కొంచెం ఎక్కువగా ఉండాలి. తక్కువ వంపున్న డాలీ పెడితే దాని అంచులు రేకులో గుచ్చుకుంటాయి. సుత్తి సరిగ్గా డాలీ మీద పడితే టంగ్ మని మోగుతుంది, అక్కడ రేకు నలిగి సాగుతుంది. డాలీని గుంట కింద నొక్కి పట్టి, సుత్తి పక్కనున్న ఎత్తు మీద వేస్తే మందంగా డబ్ మంటుంది, అక్కడ సాగదు, ఎత్తు దిగి గుంట లేస్తుంది. నునుపుకి ఎక్కువ భాగం ఈ రెండో రకం దెబ్బే వేయాలి. చెవికి రక్షణ పెట్టుకున్నా ఈ తేడా చేతికి తెలుస్తుంది.

ఎత్తుపల్లాలు కనబడాలంటే నల్ల మార్కర్‌తో రేకంతా పూసి, పొడవాటి బాడీ ఫైలుతో ఏటవాలుగా ఒక్కసారి లాగు. మెరిసేవి ఎత్తులు, నల్లగా మిగిలేవి గుంటలు. ఫైలు వెతకడానికే, గీకెయ్యడానికి కాదు. 1 మి.మీ. రేకులో గీకడానికి ఏముందని?

చేతికి సన్నటి నూలు గ్లవ్ వేసుకుని అరచేయి మొత్తం ఆనించి రాసి చూడు. వేళ్ల కొనలతో కాదు. కంటికి దొరకనిది అరచేతికి దొరుకుతుంది.

రేకుబండి

పైభాగం, హెడ్‌లైట్ ముక్కు రెండూ కుదిరాయి. విడివిడిగా రాయిలా గట్టిగా ఉన్నాయి. వాటిని మిగ్‌తో అతికించాను, బట్ జాయింటు (అంచుకి అంచు ఆనించి), ముందు టాకులు (చిన్న చుక్క వెల్డులు), తర్వాత మధ్యలో నింపుకుంటూ. ఇప్పుడు అతుకు వెనక జానెడు మేర బొటనవేలితో నొక్కితే డబ్బా అడుగులా టక్కుమని లోపలికి పోయి, వదిలితే టక్కుమని పైకొస్తోంది. రేకు ఎక్కువ సాగిపోయిందా?

వెల్డింగ్_మాస్క్

అవును, క్లాసిక్ ఆయిల్ క్యానింగ్. రేకు మిగులు అయింది. హీట్ ష్రింక్ చెయ్యండి. టక్కుమనే భాగం నడుమ 10-15 మి.మీ. చుక్కని మంటతో మసక ఎరుపు దాకా కాల్చి, చుట్టూ మెల్లగా తట్టి, ఎరుపు పోయాక తడిగుడ్డ పెట్టాలి. కాలిన చుక్క వ్యాకోచిద్దామంటే చుట్టూ చల్లటి రేకు పోనివ్వదు, దాంతో అక్కడే మందమవుతుంది. చల్లారేటప్పుడు మాత్రం కుంచించుకుని చుట్టుపక్కల రేకుని లాగేస్తుంది. అయిదారు చుక్కలు పెడితే బిగుస్తుంది.

మంట వద్దనుకుంటే ష్రింకింగ్ డిస్క్. గ్రైండర్‌కి బిగించే నున్నటి స్టెయిన్‌లెస్ పళ్లెం. తిప్పుతూ రాస్తే రాపిడికి ఎత్తులు మాత్రమే వేడెక్కుతాయి, వెంటనే తడిగుడ్డ.

పాతసుత్తి

ఆగు ఆగు. మంట ముట్టించకు.

వెల్డింగ్_మాస్క్ చెప్పిన పద్ధతి తప్పు కాదు, రోగం వేరు. రేకుబండీ, నువ్వే రాశావు, అతికించక ముందు రెండు ముక్కలూ గట్టిగా ఉన్నాయని. అప్పుడు లేని మిగులు రేకు ఒక్క వెల్డింగుతో ఎక్కడి నుంచి వచ్చింది? రేకు పెరగలేదు, అతుకు కురచైంది. వెల్డు చల్లారేటప్పుడు గీత పొడవునా కుంచించుకుంటుంది. అంచు పొట్టైతే పక్కనున్న రేకు దానికి ఎక్కువై, చోటు చాలక ఉబ్బి టక్కుమంటుంది. ఇప్పుడు ఆ ఉబ్బుని కూడా మంటతో కుదిస్తే రెండూ పొట్టవుతాయి. టక్కు పోవచ్చు, కానీ ఆకారం దిగిపోయి బక్ మీద కూర్చోదు.

అతుకుని సాగదియ్యి. మిగ్ పూస (కరిగి గడ్డకట్టిన వెల్డు గీత) గట్టిగా, ఎత్తుగా ఉంటుంది కాబట్టి ముందు రెండు వైపులా రేకు మట్టానికి కాస్త పైదాకా గ్రైండ్ చెయ్యి, ఒకేచోట ఆపకుండా, నీలం రంగు రానివ్వకుండా. తర్వాత కింద డాలీ గట్టిగా ఆనించి సరిగ్గా గీత మీద, దాని రెండు పక్కల వేడి తగిలిన మేర కొట్టుకుంటూ పో. టంగ్ మనే మోత రావాలి. ఒక చివర నుంచి ఇంకో చివరకి ఒక వరస కొట్టి, ఆగి, బొటనవేలితో నొక్కి చూడు. టక్కు చిన్నదవుతూ పోతుంది. పోయిన క్షణమే ఆపెయ్.

వెల్డింగ్_మాస్క్

ఒప్పుకుంటున్నా, వెల్డింగుకి ముందు గట్టిగా ఉందన్న మాట నేను చూసుకోలేదు. అయితే ఒక్కటి. సాగదీతతో చేసిన ప్యానెల్ వెల్డింగు లేకుండానే టక్కుమంటే అప్పుడు హీట్ ష్రింకే కదా?

పాతసుత్తి

అప్పుడు కూడా ముందు అంచులు కొలుస్తాను. మధ్య ఎక్కువైందా, అంచు తక్కువైందా అని. అంచు ఎక్కువ కుదిస్తే అంచునే కాస్త సాగదీస్తే సరి. మధ్య నిజంగా ఎక్కువైతేనే మంట.

రేకుబండి

పోయింది!!! గీత మీద కొడుతుంటే ప్రతి వరసకీ టక్కు చప్పుడు మెత్తబడుతూ వచ్చి చివరికి ఆగిపోయింది. బక్ మీద పెడితే ముందుకన్నా బాగా కూర్చుంది. మంట పెట్టి ఉంటే ఏమయ్యేదో.

వెల్డింగ్_మాస్క్

మిగిలిన అతుకులకి నా వంతు సలహా. అంచులు గీతలో గీత కలిసేలా ఫైలు చేసుకోండి, ఒకదాని మీద ఒకటి ఎక్కించి అతికించొద్దు. ఆ సందులో నీళ్లు చేరి లోపల్నుంచి తుప్పు తింటుంది. 0.6 మి.మీ. వైరు వాడండి. టాకు టాకుకీ 25 మి.మీ. దూరం, పక్కపక్కన కాకుండా ఒకటి ఈ చివర, ఒకటి ఆ చివర. చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే తర్వాతి టాకు. పైగా ప్రతి టాకునీ పెట్టిన వెంటనే గ్రైండ్ చేసి డాలీ మీద ఒకటి రెండు దెబ్బలు వేస్తే చివర్లో ఈ తంటా ఉండదు. టిగ్ (ఇంకో రకం ఆర్క్ వెల్డింగ్) లేదా గ్యాస్ అయితే పూస మెత్తగా ఉంటుంది, కొట్టడం తేలిక. లేని దానికి బాధపడక్కర్లేదు, మిగ్‌తోనూ అవుతుంది, గ్రైండింగ్ ఎక్కువ.

నిర్వాహకుడు

చర్చ బాగా సాగుతోంది, కానీ కొన్ని జాగ్రత్తలు చెప్పకుండా ఉండలేను. జింక్ పూత ఉన్న రేకుని వెల్డింగ్ చేస్తే వచ్చే పొగ పీలిస్తే జ్వరం, వణుకు వస్తాయి, పూత గీకేసినా గాలి ఆడేచోటే చెయ్యండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో రేకు తుడిచి ఆర్క్ వెలిగించడం ప్రాణాంతకం, ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. తుడవడానికి అసిటోన్ వాడి పూర్తిగా ఆరనివ్వండి. కోసిన ప్రతి అంచునీ వెంటనే ఫైలుతో మొద్దు చెయ్యండి. ఆయిల్ డబ్బాలు, ఇంధన ట్యాంకులు, గ్యాస్ సిలిండర్లు కోసి డాలీలు చేద్దామనే ఆలోచన వద్దే వద్దు.

ఇంకోటి. ఇక్కడ మాట్లాడేది పై తొడుగు గురించి మాత్రమే. రోడ్డు కారులో పిల్లర్లు, సిల్స్, ఢీకొన్నప్పుడు నలగడానికి పెట్టిన లోపలి రైళ్లు చేత్తో కొట్టి మార్చేవి కావు.

అల్యూమినియం_పిచ్చి

ఇదే ఫెండర్ అల్యూమినియంలో చేస్తే సగం శ్రమ కదా? ఎవరూ చెప్పరేం?

ఆకురాయి

సుత్తికి లొంగడంలో అవును. 3003 లాంటి మెత్తటి రకం 1.5 మి.మీ. తీసుకుంటే స్టీలు కన్నా హాయిగా కదులుతుంది. 6061 టీ6 మాత్రం తెచ్చుకోవద్దు, లోతుగా కొడితే పగులుతుంది. ఏ రకమైనా కొట్టేకొద్దీ బిరుసెక్కుతుంది, మధ్యలో కాల్చి మెత్తబరచాలి. తంటా అక్కడే ఉంది. అల్యూమినియం ఎర్రబడదు, ఏ హెచ్చరికా లేకుండా 660 డిగ్రీల దగ్గర కరిగి కిందికి జారుతుంది. అందుకే బట్టల సబ్బుతో గీతలు గీసి, వెనక నుంచి మంట తిప్పుతూ వేడి చేస్తారు. గీత ముదురు గోధుమ రంగు దాటి నల్లబడగానే మంట తీసెయ్యాలి.

అతికించడానికి టిగ్ ఏసీ కావాలి, లేదా గ్యాస్‌తో, ఫ్లక్స్‌తో చేయడం చేతనవ్వాలి. రేకుబండి దగ్గరున్నది చిన్న మిగ్. కాబట్టి అతనికి స్టీలే సరి.

ఫైబర్_రెజిన్

ఇదంతా చదివాక నాకే సుత్తి పట్టుకోవాలనిపిస్తోంది, ఏం మనుషులయ్యా మీరు. ఒక్క డౌటు. చివరికి పుట్టీ పూస్తారుగా, మరి ఇంత నునుపు ఎందుకు?

పాతసుత్తి

పుట్టీ పూయడం పాపమేమీ కాదు. పలచగా, 1 మి.మీ. లోపు చాలితే ఆనందం. మూడు దాటిందంటే పని రేకులో మిగిలిపోయిందని అర్థం. ఫెండర్ రోజంతా వణికే భాగం, మందపాటి పుట్టీ ఏదో ఒకరోజు అంచులో పగిలి, అందులోంచి తడి లోపలికి వెళ్తుంది.

రేకుబండి

కుడి ఫెండర్ మూడు ముక్కలూ అతికి, చక్రం వైపు అంచు తప్ప అయిపోయింది. రెండు ప్రశ్నలు. ఎడమది దీనికి అద్దంలో బొమ్మలా రావాలంటే ఎలా? చక్రం వైపు అంచుని లోపల తీగ పెట్టి దాని చుట్టూ చుట్టాలనుకుంటున్నా, ఎంత రేకు వదలాలి?

సున్నా_గేజ్

అయిపోయిన ఫెండర్ మీద మాస్కింగ్ టేపు ఒక దిక్కున పొర, దాని మీద అడ్డంగా ఇంకో పొర, పైన ఫైబర్ దారాల టేపు అంటించు. మొత్తం ఒక తోలులా ఊడి వస్తుంది. జిగురు మీద పౌడరు చల్లు. సాగని, కుదించని తొడుగు అది. దాన్ని లోపలి వైపు బయటికి తిరగేస్తే ఎడమ ఫెండర్ తొడుగైపోతుంది. రేకు మీద పరిచినప్పుడు ఎక్కడ వదులుగా ఉబ్బితే అక్కడ రేకు ఇంకా సాగాలి, ఎక్కడ రేకుని పట్టేసి అంచు దగ్గర ఎడమిస్తే అక్కడ కుదించాలి. వంపు ఎంత తిరిగిందో మాత్రం తొడుగు చెప్పదు, వైశాల్యమే చెప్తుంది. వంపు కోసం అట్టముక్కల టెంప్లేట్లు కోసి, తిరగేసి వాడు. ఇకపై ఇలాంటి జత చేసేటప్పుడు ఒకటి పూర్తి చేసి రెండోది మొదలుపెట్టకుండా, ముక్కకి ముక్క రెండు వైపులా చేసుకుంటూ పోవడం మేలు. చేతికి ఆ దెబ్బ గుర్తుండగానే రెండోది పడుతుంది.

కొలతబద్ద

తీగ లెక్క: పలచటి రేకుకి తీగ వ్యాసానికి రెండున్నర రెట్లు. 5 మి.మీ. తీగకి 12.5 మి.మీ. మీది 1 మి.మీ. మందం కాబట్టి ఇంకో ఒకటి రెండు మి.మీ. కలిపి, అదే రేకు తుక్కు ముక్క మీద ఒకసారి చుట్టి చూసుకోండి. చుట్టాక అంచు రేకుకి తగలకుండా ఓ వెంట్రుక సందు మిగలాలి.

ఆకురాయి

చక్రం వైపు అంచు లోపలికి ఒంపు తిరిగిన గీత కదా, అక్కడ అంచు మడిస్తే రేకు సాగాలి. కత్తెర వదిలిన చిన్న గాటు ఉన్నా అక్కడి నుంచే చీలుతుంది. మడిచే ముందు అంచుని పొడవునా ఫైలు చేసి, 400 కాగితంతో రుద్ది, గోరుతో రాసి చూడు. గోరు ఎక్కడా పట్టకూడదు. తర్వాత ఒక్క దెబ్బకి మడవకుండా, చివర నుంచి చివరకి పది పది డిగ్రీల చొప్పున వంచుకుంటూ పో.

రేకుబండి

గోరు రెండు చోట్ల పట్టింది. ఫైలు చేస్తున్నా.